కనుబొమ ఖరీదు

హైదరాబాద్‌లో ఏ మెయిన్ రోడ్డు మీద చూసినా ఇప్పుడు స్కిన్ క్లినిక్ బోర్డులే. మా ఆఫీసులో లంచ్ టేబుల్ దగ్గర కూడా బొటాక్స్, హెయిర్ ట్రాన్స్‌ప్లాంట్ మాటలు మామూలైపోయాయి. ఆ వరసలో ఈ మధ్య వినబడుతున్నది బ్రో లిఫ్ట్: కిందికి జారిన కనుబొమల్ని పైకి లాగి, నుదుటి ముడతలు తగ్గించే ఆపరేషన్.

దీనికి వందేళ్ళ పైబడిన చరిత్ర ఉంది. పారిస్ సర్జన్ రేమండ్ పాసో 1919లోనే ఇలాంటి పద్ధతిని వివరించాడు. తర్వాత చాన్నాళ్ళు ఒక చెవి నుంచి ఇంకో చెవి దాకా తల మీద పెద్ద కోత పెట్టి చేసేవారు. 1990లలో ఎండోస్కోప్ వచ్చాక జుట్టు లోపల నాలుగైదు చిన్న గాట్లతో పని అయిపోతోంది. ముందు సిగరెట్ మానాలి, రక్తాన్ని పల్చబరిచే ఆస్పిరిన్ లాంటి మందుల్ని డాక్టరు చెబితే ఆపాలి. తర్వాత కొన్ని రోజులు తలగడ ఎత్తు పెట్టుకుని పడుకోవాలి. వాపు, కమిలిన నలుపు ఒకట్రెండు వారాల్లో తగ్గుతాయి. నుదురు, మాడు మాత్రం కొన్ని నెలలు మొద్దుబారి ఉండొచ్చు.

ఈ మొద్దుబారడం దగ్గరే నా ఆలోచన ఆగింది. క్లినిక్‌లో అది కొన్నాళ్ళుండి పోయే ఇబ్బంది. పల్లెల్లో మాత్రం తరతరాలుగా మనుషుల్ని భయపెట్టిన లక్షణం. చర్మం మీద స్పర్శ లేని మచ్చ అంటే పెద్దరోగం, అంటే కుష్ఠు.

కుష్ఠు క్రిమికి శరీరంలో చల్లగా ఉండే భాగాలంటే ఇష్టం. అందుకే ముక్కు, చెవి తమ్మెలు, కనుబొమలు దాని బారిన పడతాయి. వ్యాధి ముదిరిన రకంలో కనుబొమలు బయటి కొస నుంచి రాలడం మొదలై పూర్తిగా పోతాయి. మొహం నరం దెబ్బతింటే రెప్ప మూతపడదు, కనుబొమ వాలిపోతుంది కూడా. మందు క్రిమిని చంపుతుంది గానీ పోయిన కనుబొమని తెచ్చివ్వదు. రోగం తగ్గిన మనిషి మొహమ్మీద రోగం పేరు అలాగే రాసి ఉంటుంది.

చట్టం కూడా ఆ పేరునే చూసింది. బ్రిటిష్ ఇండియాలో 1898 నాటి కుష్ఠు చట్టం నిరుపేద రోగుల్ని పట్టుకుని ఆశ్రమాల్లో పెట్టడానికి అధికారమిచ్చింది. నిజాం రాజ్యంలో నిజామాబాద్ దగ్గర డిచ్‌పల్లిలో ఇసబెల్ కెర్, జార్జ్ కెర్ దంపతులు 1915లో మొదలుపెట్టిన ఆసుపత్రి ఎందరికో వైద్యంతోపాటు ఇల్లు కూడా అయింది.

కనుబొమ మీదికి సర్జన్ల చూపు మళ్ళింది తర్వాత. వేలూరులో పాల్ బ్రాండ్ 1940ల చివర్లో కుష్ఠుతో వంకరపోయిన చేతుల్ని సరిచేయడం మొదలుపెట్టాడు. చేతులు బాగైనా ఊరు మాత్రం మొహం చూసి తలుపేసేది. దాంతో ముక్కులు, కనుబొమలు కూడా సర్జరీ పట్టికలోకి వచ్చాయి. కణత మీది జుట్టున్న చర్మాన్ని రక్తనాళంతో సహా వేరు చేసి, నుదుటి చర్మం కింద సొరంగంలా దారి తీసి, కనుబొమ ఉండాల్సిన చోటికి లాక్కొచ్చి కుట్టేవారు.

ఈ ఆపరేషన్‌కి సిద్ధం కావడం అంటే ముందు నెలల తరబడి మందులు వాడటం. వ్యాధి నెమ్మదించి, రియాక్షన్లు ఆగి కొన్ని నెలలు గడిచాకే కత్తి పట్టుకోవాలి. కోలుకున్నాక ఒక చిత్రమైన పని మిగులుతుంది. అది తలవెంట్రుకే కాబట్టి పెరుగుతూనే ఉంటుంది, కత్తిరించుకోవాలి. కొందరు కత్తిరించకుండా గుబురుగా పెంచుకుని మురిసిపోయేవారని బ్రాండ్ రాశాడు. నాకు ఈ చరిత్రలో బాగా నచ్చిన సంగతి ఇదే. అంత పొడుగు కనుబొమ ఎవరి అందం కొలతల్లోనూ ఇమడదు. కానీ అది వాళ్ళది, పైగా పెరుగుతోంది.

మన పాలమూరుకి ఈ కథలో ఒక దారి ఉంది. పింగళి వెంకటరామారెడ్డి కూతురు, వనపర్తి సంస్థానం కోడలు రాణి కుముదినీ దేవి 1958లో కూకట్‌పల్లిలో కుష్ఠు రోగుల కోసం శివానంద పునరావాస కేంద్రం స్థాపించారు. 1962లో ఆమె హైదరాబాద్ మేయర్ అయ్యారు. వనపర్తి నుంచి శాసనసభకీ వెళ్ళారు. పేరులోనే పునరావాసం ఉండటం గమనించండి: వైద్యం అయ్యాక మనిషి మళ్ళీ ఎక్కడుండాలి అన్న ప్రశ్న అది. పాలమూరు కూలీ బతుకు గుంపు మేస్త్రీ వెంట ఊరు దాటి పోయే బతుకు. అక్కడ సర్టిఫికెట్ కంటే ముందు మొహం చూస్తారు. నల్లగొండ వాడిగా నాకిది కొత్త కాదు. ఫ్లోరైడ్ నీళ్ళు పళ్ళ మీద వేసిన గోధుమరంగు మరకలు మా దిక్కు పెళ్ళి మాటల్లో ఎంత బరువో తెలిసినవాళ్ళకి తెలుసు.

కాబట్టి ‘కాస్మెటిక్’ అన్న మాటని తేలిగ్గా వాడటం నాకు కష్టంగా ఉంది. అవసరమైన సర్జరీ, సోకు కోసం సర్జరీ అని రెండు గళ్ళు గీస్తాం. కుష్ఠు తగ్గిన మనిషి కనుబొమ ఏ గడిలోకి వస్తుంది? అది లేకపోయినా ఊపిరాడుతుంది, అన్నం సహిస్తుంది. పని దొరకదు, పిల్ల దొరకదు, బస్సులో పక్క సీటు ఖాళీగా ఉంటుంది. అవసరాన్ని ఒళ్ళు ఒక్కటే నిర్ణయించదు, చూసేవాళ్ళు కూడా నిర్ణయిస్తారు. వయసు కనబడితే ఉద్యోగం పోతుందేమో అని నలభైలలో నుదురు సరిచేయించుకునే వాళ్ళ భయమూ చూసేవాళ్ళ దగ్గరే పుట్టింది. రెండు భయాలూ సమానం అనను. ఒకదాంట్లో పోయేది ప్రమోషన్, రెండోదాంట్లో ఊరు.

1898 చట్టం రద్దయింది 2016లో. కుష్ఠుని విడాకులకి కారణంగా చూపే వీలుని వ్యక్తిగత చట్టాల్లోంచి తీసేసింది 2019లో. పూర్తిగా నయం చేసే బహుళ ఔషధ చికిత్సని ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేసింది మాత్రం 1981లో. మందుకీ చట్టానికీ మధ్య ముప్పై ఎనిమిదేళ్ళు. ఆ ఖాళీలో బతికినవాళ్ళకి, కణత మీంచి తెచ్చి కుట్టిన అంగుళంన్నర జుట్టు చట్టం కంటే ముందే దారి ఇచ్చింది.