రాజుకు ఎంత తెలియాలి?

మాచెర్ల నుండి నాగార్జునసాగరం వైపు వెళ్ళేవారికి దారిలో ఎత్తిపోతల తగులుతుంది. చంద్రవంక అక్కడ సుమారు 70 అడుగుల ఎత్తునుండి దూకి, కొంత దూరం పారి, కృష్ణలో కలుస్తుంది. జలపాతం చూసినవారిలో చాలామంది సాగరానికి వెళ్ళి, లాంచీ ఎక్కి నాగార్జునకొండ చేరుతారు. ఇక్ష్వాకుల విజయపురి ఆనకట్ట నీటిలో మునిగిపోకముందు వెలికితీసిన శిల్పాలూ శాసనాలూ అక్కడి మ్యూజియంలో ఉన్నాయి. పర్యాటకులు శిల్పాలను చూస్తారు. నాకు మాత్రం ఆ శాసనాలు డబ్బు లెక్కలుగా కనిపిస్తాయి.

ఆ రాళ్ళమీద దాతలు తమ పేర్లు చెక్కించుకున్నారు. మూడవ శతాబ్దిలో మహాచైత్యానికి స్తంభాలు ఎత్తించిన చాంతిసిరి తాను ఎవరి చెల్లెలో, ఎవరి భార్యో, ఎవరి తల్లో అన్నీ చెప్పుకున్నది. ఉజ్జయిని రాజు కూతురైన రుద్రధరభట్టారిక స్తంభంతోపాటు 170 దీనారిమాషకాలు ఇచ్చినట్లు లెక్క తెలుస్తున్నది. ఇచ్చినదెవరు, ఎంత, ఎందుకు అన్నది పదిహేడు శతాబ్దాల తరువాత కూడా ఎవరైనా చదవవచ్చు. ఒకసారి చెక్కిన పద్దును కొట్టివేయడం సాధ్యం కాదు. దానం కీర్తికోసం కూడా కనుక దాతలు కోరుకున్నదీ అదే.

బ్లాక్‌చెయిన్ అనే లెక్కల పుస్తకం గురించి చదివినప్పుడు నాకు మొదట గుర్తుకువచ్చినవి ఈ రాళ్ళే. 2009 జనవరిలో బిట్‌కాయిన్‌తో ఆచరణలోకి వచ్చిన ఈ పద్ధతిలో చిట్టా ఏ ఒక్క కరణం చేతిలోనూ ఉండదు. ఒకే ప్రతి వేలాది కంప్యూటర్లలో ఉంటుంది. రాసిన పద్దు చెరగదు, ప్రతి పద్దూ అందరికీ కనిపిస్తుంది. మనుషుల పేర్లకు బదులు పొడవాటి చిరునామాలు ఉంటాయన్నది నిజమే. కాని ఏదో ఒకనాడు ఆ చిరునామా ఫలానావారిదని తెలిస్తే, వారి గతమంతా తెరిచిన పుస్తకమే. దానశాసనానికి పనికివచ్చే ఈ పద్ధతిని దినవెచ్చానికి వాడితే ఏమవుతుంది? కూతురి వైద్యానికి ఎంత ఖర్చయినదీ, ఏ వకీలుకు ఫీజు కట్టినదీ, ఎవరివద్ద అప్పు చేసినదీ రాతిమీద చెక్కించుకోవాలని ఎవరు కోరుకుంటారు?

అలాగని అంతా చీకటిలో ఉంచితే దొంగకూ అదే చీకటి. ఈ ఇరకాటం కంప్యూటర్లతో పుట్టలేదు. వర్తకుడి గుట్టుకూ రాజు లెక్కకూ మధ్య పేచీ మన తీరంలో చాలా పాతది. దానికి ఒక పరిష్కారం చీరాల దగ్గరి మోటుపల్లిలో రాతిమీదనే ఉన్నది.

కాకతి గణపతిదేవుడు క్రీ.శ. 1244–45లో అక్కడ వేయించిన అభయశాసనం ప్రసిద్ధమే. తుఫానుకు చిక్కి ఒడ్డుకు కొట్టుకువచ్చిన ఓడలలోని బంగారాన్నీ ఏనుగులనూ గుర్రాలనూ పూర్వరాజులు బలవంతంగా లాక్కునేవారని అది చెబుతున్నది. ప్రాణాలకు తెగించి సముద్రం దాటివచ్చే వర్తకులనుండి నియతమైన సుంకం తప్ప మరేమీ తీసుకోమని ప్రతిజ్ఞ చేస్తున్నది. ఆ సుంకం ఎగుమతికైనా దిగుమతికైనా ముప్పైకి ఒక వంతు. చందనం వంటి సరుకులకు రేట్లు విడివిడిగా రాసి ఉన్నాయి. 1358లో రెడ్డిరాజు అనపోతారెడ్డి కూడా అక్కడే వర్తకులకు అభయమిస్తూ శాసనం వేయించాడు.

ఇక్కడ రాతికెక్కినది వర్తకుడి లెక్క కాదు, రాజు కట్టుబాటు. సుంకం కట్టడానికి సరుకు చూపక తప్పదు, కాని ఎంతవరకు తీసుకుంటారో ముందే అందరికీ తెలుసు. నా దృష్టిలో అభయమంటే అదే.

తరువాతి కాలపు హుండీ చీటీ ఇంకొక దారి చూపింది. ఒక ఊరి షావుకారు రాసిచ్చిన చీటీకి మరో ఊరి షావుకారు సొమ్ము చెల్లించేవాడు. చూపగానే చెల్లేది దర్శనీ హుండీ, గడువు మీద చెల్లేది ముద్దతీ హుండీ. షాజోగ్ హుండీ అయితే బజారులో పేరున్న మర్యాదస్తుడికే చెల్లించాలి. మనిషి ఎవరో తేల్చుకునే పని బజారే చూసుకునేది. ఇంగ్లీషువారు 1881లో నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం చేసినప్పుడు కూడా దేశభాషల పత్రాలకు సంబంధించిన స్థానిక ఆచారాలకు భంగం కలిగించలేదు. హుండీకి స్టాంపు మాత్రం అంటించమన్నారు.

ఈ సమతూకం తలకిందులైతే ఎలా ఉంటుందో 2020 చివరలో హైదరాబాదు చూసింది. లోన్ యాప్‌లవాళ్ళు అప్పు తీసుకున్నవారి ఫోనులోని నంబర్లన్నీ లాగి, బంధుమిత్రులకు ఫోన్లుచేసి పరువు తీశారు. తెలంగాణలో కొందరు ప్రాణాలు తీసుకున్నారు. ఆ యాప్‌ల సొమ్ములో కొంత క్రిప్టోగా మారి విదేశాలకు వెళ్ళిందని తరువాత ఎన్‌ఫోర్స్‌మెంట్ డైరెక్టరేట్ చెప్పింది. పేదవాడి గుట్టు బజారున పడింది, పెట్టుబడిదారు గుట్టు పదిలంగా దాగింది.

మన చట్టాలు ఇప్పుడు రెండు వైపులా లాగుతున్నాయి. 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు గోప్యత ప్రాథమిక హక్కని తీర్పు చెప్పింది. 2023 మార్చి 7న కేంద్రం క్రిప్టో వ్యాపారాన్ని మనీలాండరింగ్ నిరోధక చట్టం కిందికి తెచ్చింది. దానితో ఎక్స్‌ఛేంజీలు ఖాతాదారుల గుర్తింపును పరీక్షించి, అనుమానాస్పద లావాదేవీలను ప్రభుత్వానికి తెలపాలి. రిజర్వుబ్యాంకు 2022 అక్టోబరులో డిజిటల్ రూపాయి గురించి విడుదల చేసిన పత్రంలో చిన్న మొత్తాలకు గోప్యత, పెద్ద మొత్తాలకు ఆచూకీ అనే నియమాన్ని పరిశీలించింది.

గణితంలోనూ ఒక దారి ఉన్నది. 1985లో గోల్డ్‌వాసర్, మికాలి, రాకాఫ్ అనే ముగ్గురు ఒక మాట నిజమని, ఆ మాట తప్ప ఇంకేమీ బయటపెట్టకుండా, రుజువు చేయవచ్చునని చూపారు. మోటుపల్లి భాషలో చెప్పాలంటే, ఓడలో ఏమున్నదో చూపకుండానే ముప్పైకి ఒకటి కట్టామని సుంకరికి నమ్మకం కలిగించడం. 2016లో వచ్చిన జీక్యాష్ ఈ విద్యతోనే పనిచేస్తున్నది.

ఇదంతా వింతగా తోచినవారు గుడిలోని హుండీని తలచుకోవచ్చు. చీటీ పేరూ దాని పేరూ ఒకటే కావడం నాకు ముచ్చటగా తోస్తుంది. అందులో ఎవరు ఎంత వేశారో ఎవరూ అడగరు. తెరిచిన రోజున మాత్రం పదిమంది ఎదుట చివరి రూపాయి వరకు లెక్క తేలాలి. భక్తుడికి గోప్యత, ధర్మకర్తకు జవాబుదారీ.

యంత్రం ఏదైనా సరే, మొదట తేల్చుకోవలసినది ప్రభుత్వానికి ఎంత తెలియాలన్నదీ, ఆపైన ఏదీ అడగబోమన్న మాట ఎక్కడ రాసి ఉంటుందన్నదీ. గణపతిదేవుడు తన హద్దును వర్తకులు ఓడ దిగేచోట, వారి కంట పడేటట్లు రాయించాడు. మన చెల్లింపుల చట్టాలలో వర్తకుడి బాధ్యతలు పేజీల కొద్దీ ఉన్నాయి. అధికారి హద్దు కూడా అంత స్పష్టంగా, అందరికీ కనిపించేచోట ఉండాలి.