మలబారు ఆచారాల వివాదం

మలబారు ఆచారాల వివాదం దక్షిణ భారతదేశపు కతోలిక సంఘాలలో స్థానిక ఆచారాలను ఎంతవరకు అనుమతించవచ్చునన్న విషయమై 17, 18వ శతాబ్దాలలో జరిగిన వివాదం. పేరులో మలబారు ఉన్నప్పటికీ ఇది ప్రధానంగా మదురై, మైసూరు, కర్ణాటక మిషన్లకు సంబంధించినది. కర్ణాటక మిషన్ కేంద్రాలలో పుంగనూరు ఒకటి. కతోలిక బోధన కాలానుగుణంగా మారగలదా అన్న చర్చకు ఈ వివాదం తెలుగునాట కనిపించే ముఖ్యమైన ఉదాహరణ.

నేపథ్యం

తిరుమల మెట్లదారి మొదలయ్యే అలిపిరికి కొద్ది దూరంలో ఉన్న చంద్రగిరి, విజయనగర రాజుల చివరి రాజధానులలో ఒకటి. 1598లో యేసు సభ గురువులు ఇక్కడికి వచ్చారు. శ్రీవేంకటేశ్వరుని భక్తుడైన రెండవ వేంకటపతిరాయలు వారిని ఆదరించాడు. 1606లో మదురై చేరిన రాబర్టో డి నొబిలి కాషాయం ధరించి, శాకాహారిగా జీవిస్తూ సంస్కృతం, తమిళం, తెలుగు అభ్యసించాడు. జంధ్యం, పిలక, గంధం, స్నానం కుల మర్యాదకు చిహ్నాలే గాని మత చిహ్నాలు కావని అతని వాదన. 15వ గ్రెగరీ పోపు 1623లో కొన్ని షరతులతో వీటిని అనుమతించాడు.

నిషేధం

పోపు ప్రతినిధి టూర్నాన్ 1704 జూన్ 23న పుదుచ్చేరిలో ఒక శాసనంపై సంతకం చేశాడు. జ్ఞానస్నాన విధిలో ఉమ్మి, ఉప్పు వాడకాన్ని మానరాదని, పిళ్ళైయార్ ప్రతిమ గల తాళి కట్టరాదని, బహిష్టు కారణంగా స్త్రీలను దివ్యసంస్కారాలకు దూరం చేయరాదని అందులో ఉన్నది. రోగులైన పరయ కులస్థుల ఇళ్ళకు గురువులు వెళ్ళి సంస్కారాలు ఇవ్వాలని కూడా ఆదేశించాడు. అగ్రకులాలవారు దూరమవుతారన్న భయంతో అంతవరకు గురువులు ఆ ఇళ్ళలో అడుగుపెట్టేవారు కారు. ఈ విధంగా స్థానిక సంస్కృతి పట్ల కఠినమైన ఈ శాసనమే మరణశయ్యపై ఉన్న దళితుని పక్షాన నిలిచినది.

14వ బెనెడిక్టు పోపు 1744లో నిషేధాన్ని స్థిరపరచి, మిషనరీలు దానికి లోబడుతామని ప్రమాణం చేయాలన్న నియమాన్ని కొనసాగించాడు. అయితే పరయ కులస్థులకు వేరుగా గురువులను నియమించే ఏర్పాటును ఆమోదించాడు. దీనితో సేవ లభించినా వేర్పాటు మిగిలిపోయినది.

తరువాతి మార్పులు

ఈ ప్రమాణాన్ని రోము 1940లో రద్దు చేసినది. రెండవ వాటికన్ మహాసభ 1963లో ఆరాధనలో ప్రజల భాషలకు చోటిచ్చినది. లత్తీను స్థానంలో తెలుగు దివ్యబలిపూజ రావడం దీని ఫలితమే. 1965లో ఇతర మతాలలోని సత్యమైన, పవిత్రమైన అంశాలను సంఘం నిరాకరించదని మహాసభ ప్రకటించినది. 1969లో భారత మేత్రాణుల అభ్యర్థనపై హారతి, అంజలి, నేలపై కూర్చుండుట మొదలగు 12 అంశాలకు రోము అనుమతి ఇచ్చినది. ఇవి అగ్రవర్ణాల సంప్రదాయాలని దళిత క్రైస్తవ వేదాంతులు కొందరు విమర్శించారు.

మారినదేమిటి

విశ్వాస సత్యాలు మారవని, వాటి అవగాహన మాత్రం పెరుగుతుందని, క్రమశిక్షణా నియమాలను మార్చవచ్చునని సంఘం బోధిస్తుంది. జాన్ హెన్రీ న్యూమన్ 1845లో ఈ వికాసాన్ని సిద్ధాంతంగా వివరించాడు. ఈ దృష్టిలో ఇక్కడ మారినది విశ్వాస సత్యం కాదు; ఏది మతాచారం, ఏది లోకాచారం అన్న నిర్ణయం మాత్రమే. కాని 1704లో పాపభరితమన్న ఆచారాలలో కొన్ని తరువాత నిర్దోషమైనప్పుడు, బోధనకు, నియమానికి మధ్య గీత ఎక్కడ అన్న ప్రశ్న విమర్శకులు లేవనెత్తుతారు.

కులం విషయంలో సమస్య దీనికి భిన్నమైనది. జ్ఞానస్నానం పొందినవారందరూ సమానులన్న బోధన మొదటినుండి ఉన్నదే, ఆచరణే వెనుకబడినది. సంఘంలో అస్పృశ్యత, వివక్ష ఉన్నాయని భారత మేత్రాణుల సమాఖ్య 2016లో అంగీకరించినది. కడప మేత్రాసన గురువుగా 1992లో అభిషిక్తుడైన పూల ఆంథోని 2022 ఆగస్టు 27న కార్డినల్ అయ్యాడు. ఈ పదవి పొందిన మొదటి తెలుగువాడు, మొదటి దళితుడు ఇతడే.