గింజల అరటి వంశావళి

శాస్త్రం అరటికి పెట్టిన తొలి పేర్లు అడవి చెట్లవి కావు, తోటలవి. లిన్నేయస్ 1753లో పేరు పెట్టిన మ్యూసా పారడైసియాకా, 1759లో పేరు పెట్టిన మ్యూసా సాపియెంటమ్ రెండూ గింజల్లేని సంకరాలే. రెండోది మన అమృతపాణి వర్గంలోనిది. 1820లో ట్యూరిన్ న్యాయవాది లూయీజీ కొల్లా అక్యూమినేటా, బాల్బిసియానా అని పేర్లు పెట్టాకే గింజల తల్లులు వెలుగులోకి వచ్చాయి.

ఆ తరవాత నూరేళ్లకు పైగా గందరగోళమే. జావాలో ఆకుల మీద ముదురెరుపు మచ్చలు కనిపిస్తే జెబ్రినా అన్నారు, క్వీన్స్‌లాండ్‌లో దొరికితే బ్యాంక్సీ అన్నారు. రూపం మారిన చోటల్లా కొత్త జాతి పుట్టింది. పనామా తెగులు గ్రో మిషెల్ అనే రకం అరటి తోటలను ఎండగడుతుంటే, విరుగుడు వెతుకుతూ ట్రినిడాడ్ పరిశోధకులు అడవి మొక్కలను పక్కపక్కన పెంచి చూశారు. 1947 నుంచి వారిలో ఒకరైన చీజ్‌మన్ రాసిన వ్యాసాలతో చిక్కుముడి వీడసాగింది.

1955లో అరటి పరిశోధకులు సిమ్మండ్స్, షెపర్డ్ చేసిన పని నాకు మరీ ఇష్టం. బోదె మీది మచ్చలు, ఆకు కాడ గాడి అంచులు, పువ్వు డొప్ప కొన, అది వెనక్కి చుట్టుకునే తీరు, కాయలోని అండాల వరుసలు: ఇలా 15 లక్షణాలకు ఒకటి నుంచి అయిదు దాకా మార్కులు వేశారు. అచ్చమైన అక్యూమినేటాకు 15, బాల్బిసియానాకు 75. సంకరాలు నడుమ పడతాయి. బొంత అరటి బాల్బిసియానా వైపు మొగ్గుతుంది, అమృతపాణి అక్యూమినేటా వైపు. కళ్లతో చూసి, చేత్తో తడిమి చేసిన ఈ లెక్కను తరవాతి జన్యు పరీక్షలు చాలావరకు నిలబెట్టాయి.

జెబ్రినా, బ్యాంక్సీ కూడా అక్యూమినేటా రూపాలే. ఒక్క అక్యూమినేటాలోనే ఎంత తేడా! మలయాలో గబ్బిలాలు పుప్పొడి మోస్తాయి. న్యూగినీ బ్యాంక్సీ తన పుప్పొడితో తానే కాయగలదు. అన్నింటికీ క్రోమోజోములు 11 జతలే అయినా, ఒక్కో ప్రాంతంలో వాటి ముక్కలు ఒక్కో రకంగా తారుమారయ్యాయి. దాదాపు 7,000 ఏళ్ల కిందటే న్యూగినీలోని కుక్ చిత్తడిలో అరటి సాగు ఉంది. మనుషులు పిలకలు పట్టుకుని దీవులు దాటినప్పుడు దూరపు అరటులు కలిశాయి. పొత్తు కుదరని క్రోమోజోముల వల్ల సంతానానికి గింజ కట్టలేదు. పరాగం లేకుండానే కాయ ఊరే గుణం తోడై, తినే పండు దక్కింది. ఆ తేడాలే లేకుంటే మన గెలలు లేవు.

2012లో మలయా రకం జన్యుక్రమం వెలువడింది. 2022లో సాగు రకాలను పరిశీలిస్తే, అడవిలో ఇంకా ఎవరికీ దొరకని ముగ్గురు పూర్వీకుల ఆనవాళ్లు తేలాయి. థాయ్‌లాండ్ సింధుశాఖ పరిసరాల్లో, బోర్నియో–ఫిలిప్పీన్స్ నడుమ, న్యూగినీలో వెతకాలి. అడవులు నరకక ముందే వెతకాలి.