త్రిభుజ వైశాల్య సూత్రాలు: గణిత పరీక్షల్లో ప్రత్యామ్నాయ పద్ధతులు

త్రిభుజ వైశాల్యానికి బడిలో మొదట నేర్పే సూత్రం భూమి, ఎత్తుల లబ్ధంలో సగం. ఎత్తు తెలియనప్పుడు మూడు భుజాల కొలతలతో హెరాన్ సూత్రం, రెండు భుజాలూ వాటి మధ్య కోణమూ తెలిస్తే సైన్ వాడే సూత్రం, శీర్షాల నిరూపకాలు ఇస్తే నిర్ధారక సూత్రం వాడుకలో ఉన్నాయి. ఇంటర్మీడియట్ మొదటి సంవత్సరంలోని ‘త్రిభుజ ధర్మాలు’ అధ్యాయం పరివృత్త, అంతర్వృత్త వ్యాసార్ధాలతోనూ వైశాల్యం రాబట్టడం నేర్పుతుంది. పాఠంలో చెప్పిన సూత్రం కాక మరొకటి వాడి సరైన జవాబు రాసిన విద్యార్థికి పూర్తి మార్కులు ఇవ్వాలా వద్దా అన్న తర్జనభర్జన మూల్యాంకన గదుల్లో సాగుతూనే ఉంటుంది. ఈ విషయపు చరిత్ర ఇవ్వాలనే పక్షానికే బలమిస్తుంది. త్రిభుజాన్ని ఒకే సూత్రంతో కొలవాలన్న సంప్రదాయం మన దేశంలో స్థిరపడలేదు. ఏ సూత్రం ఎంతవరకు నిజమో చెప్పి వాడిన సంప్రదాయమే ఉంది.

భుజంలో సగాన్ని లంబంతో గుణించే పద్ధతి క్రీ.శ. 499 నాటి ఆర్యభటీయంలో ఉంది. 628లో బ్రహ్మగుప్తుడు బ్రాహ్మస్ఫుటసిద్ధాంతంలో ఒకే చోట రెండు సూత్రాలు చెప్పి, ఒకటి స్థూలమనీ మరొకటి సూక్ష్మమనీ విడదీశాడు. చతుర్భుజంలో ఎదురెదురు భుజాల మొత్తాల సగాలను గుణిస్తే స్థూల ఫలం వస్తుంది. త్రిభుజానికి నాలుగో భుజాన్ని సున్నాగా తీసుకోవాలి. భుజాల మొత్తంలో సగం నుంచి ఒక్కో భుజాన్నీ తీసివేసి, ఆ శేషాల లబ్ధానికి వర్గమూలం కడితే సూక్ష్మ ఫలం. 9వ శతాబ్దంలో రాష్ట్రకూట చక్రవర్తి అమోఘవర్ష నృపతుంగుని కాలంలో మహావీరాచార్యుడు గణితసారసంగ్రహంలో ఈ విభజనను మరింత విస్తరించాడు. క్షేత్రగణితాన్ని వ్యావహారిక ఫలం, సూక్ష్మ ఫలం అని రెండుగా నడిపాడు. మద్రాసులో ఎం. రంగాచార్య 1912లో ఆంగ్లానువాదంతో అచ్చు వేయించిన ఈ గ్రంథాన్ని తెలుగువారు అంతకు ఎనిమిది వందల ఏళ్ల ముందే తమ భాషలోకి తెచ్చుకున్నారు. రాజరాజ నరేంద్రుని కాలంవాడని ఎక్కువమంది భావించే పావులూరి మల్లన రాసిన సారసంగ్రహ గణితమే తెలుగులో తొలి గణిత గ్రంథం. జైన సందర్భాలున్న ఉదాహరణల స్థానంలో శైవ సందర్భాలను పెట్టి, శాస్త్రాన్ని పద్యంలో ఇమిడ్చిన ఆయన పని అనువాదాన్ని మించినది. భూమి కొలతలతో పొద్దుపుచ్చే కరణాలకు పావులూరి గణితం శతాబ్దాలపాటు చేతిపుస్తకమైంది.

స్థూలానికీ సూక్ష్మానికీ ఎంత దూరమో ఒక లెక్క చూస్తే తెలుస్తుంది. 1150 నాటి లీలావతిలో భాస్కరాచార్యుడు ఇచ్చిన త్రిభుజానికి భూమి 14, మిగతా భుజాలు 13, 15. లంబం 12 కనుక వైశాల్యం 84. అర్ధ చుట్టుకొలత 21, శేషాలు 8, 7, 6. 21×8×7×6 = 7056, దాని వర్గమూలం మళ్లీ 84. స్థూల సూత్రం మాత్రం 14×7 = 98 అంటుంది. మొదటి రెండూ ప్రత్యామ్నాయాలు, మూడోది అంచనా. పరీక్షలో దిద్దేవారు పాటించవలసిన తేడా ఇదే. భాస్కరుడు ఇంకో అడుగు ముందుకు వేశాడు. నాలుగు శేషాల సూత్రం చతుర్భుజానికి అస్ఫుటమనీ త్రిభుజానికి స్పష్టమనీ తేల్చాడు. లంబమో కర్ణమో చెప్పకుండా చతుర్భుజ వైశాల్యం అడిగేవాడిని, జవాబు చెప్పేవాడిని ఇద్దరినీ పిశాచాలన్నాడు. ప్రశ్నపత్రం తయారుచేసేవారికి ఇంతకంటే మంచి హెచ్చరిక దొరకదు.

బయటి ప్రపంచంలో గ్రీకు గణితజ్ఞుడు హెరాన్ 1వ శతాబ్దంలో మెట్రికాలో త్రిభుజపు శేషాల సూత్రాన్ని నిరూపించాడు. 1247లో చైనాలో చిన్ జ్యూషావ్ భుజాల వర్గాలతో దీనికి సమానమైన మరో రూపం ఇచ్చాడు. 1899లో జార్జ్ పిక్ గళ్ల బిందువులను లెక్కించి వైశాల్యం చెప్పే సిద్ధాంతం ప్రకటించాడు.

మల్లన తర్వాతి ఏడెనిమిది వందల ఏళ్లు ఈ విద్య వీధిబడుల్లో, తాళపత్రాల్లో సాగింది. 1857లో మద్రాసు విశ్వవిద్యాలయం ఏర్పడ్డాక మెట్రిక్యులేషన్ వంటి రాత పరీక్షలు వచ్చాయి. 1986లో ఎంసెట్ పేరుతో మొదలైన ప్రవేశ పరీక్ష వంటి ఆబ్జెక్టివ్ పరీక్షల్లో పద్ధతి ఎవరికీ కనిపించదు కనుక ఈ చర్చే లేదు. వివరణాత్మక పరీక్షల విషయంలో సీబీఎస్‌ఈ మూల్యాంకన సూచనలు, కొత్త పద్ధతిలో రాసినా సరైనదైతే మార్కులివ్వాలని స్పష్టంగా చెబుతున్నాయి.

సరిహద్దు ఊళ్లలో ప్రత్యామ్నాయ పద్ధతులను ఒప్పుకోవడం మరింత అవసరం. ఛత్తీస్‌గఢ్‌లో 2012లో ఏర్పడిన సుక్మా జిల్లా కోంటా ప్రాంతంలోని మరైగూడ తెలంగాణ అంచున ఉంది. దోర్ల, తెలుగు, హిందీ మాటలు కలిసి వినిపించే ఆ చుట్టుపక్కల పిల్లలు ఒక బోర్డు నుంచి మరో బోర్డుకు మారితే సూత్రాల జాబితా కూడా మారుతుంది. 2014 నాటి తెలంగాణ పదో తరగతి పుస్తకంలో నిరూపకాలతో త్రిభుజ వైశాల్యం కనుక్కునే సూత్రం ఉంది. ఎన్‌సీఈఆర్‌టీ 2022లో పాఠ్యాంశాల భారం తగ్గించినప్పుడు తన పదో తరగతి పుస్తకం నుంచి దాన్ని తొలగించింది. ఒక చోట నేర్చుకున్న నిజం ఇంకో చోట పుస్తకంలో లేదన్న కారణంతో తప్పు కాకూడదు.

దీనికి అభ్యంతరాలు లేకపోలేదు. పరీక్ష ఒక ప్రత్యేక నైపుణ్యాన్ని కొలుస్తుందనీ, కంఠస్థం చేసిన సూత్రం ఆ నైపుణ్యాన్ని కప్పేస్తుందనీ అనేవారున్నారు. మాట న్యాయమే కానీ దాని పరిష్కారం ప్రశ్నలోనే ఉంది: ఫలానా పద్ధతిలో సాధించమని రాస్తే చాలు. రాయనప్పుడు శిక్ష విద్యార్థికి పడకూడదు. ఏకరూపత పోతుందన్నది రెండో వాదన. (0,0), (4,1), (1,3) శీర్షాలుగా గల త్రిభుజాన్ని తీసుకుందాం. నిర్ధారక సూత్రంతో ఒక్క వరుసలో 5.5 వస్తుంది. భుజాలు √17, √10, √13 కనుక హెరాన్ మార్గంలో దశాంశాలుగా మారిస్తే ఫలితం కాస్త అటూ ఇటూ అవుతుంది. భుజాల వర్గాలు 17, 10, 13తోనే నడిపితే, జంట లబ్ధాల మొత్తం 521కి రెట్టింపు 1042 నుంచి వర్గాల మొత్తం 558 తీసేస్తే 484. దాన్ని 16తో భాగించి వర్గమూలం కడితే కచ్చితంగా 5.5. గళ్ల బిందువులు లెక్కించినా అదే: లోపల 5, అంచున 3 కనుక 5 + 1.5 – 1. మూడు దారులనూ ఒకే కొలబద్దతో దిద్దవచ్చు: సూత్రం పేర్కొన్నారా, అది ఈ త్రిభుజానికి వర్తిస్తుందా, ప్రతిక్షేపణ సరిగా ఉందా. దిద్దేవారికి తెలియని సూత్రం ఎదురైతే ఒక తెలిసిన త్రిభుజంపై పరీక్షించడం తొలి అడుగు. అన్ని త్రిభుజాలకూ వర్తించాల్సిన సూత్రం 13, 14, 15 త్రిభుజం మీద 84 ఇవ్వకపోతే దాన్ని అక్కడికక్కడే కొట్టివేయవచ్చు. ఇస్తే విషయం పెద్ద పరీక్షకుడికి నివేదించాలి తప్ప సున్నా వేయకూడదు.