గల్లీ చందాతో బాగుపడిన బస్తీ: కరాచీ ఓరంగీ చరిత్ర

పేదవానికి ఇల్లు కావాలి అనే మాట సంక్షేమ సంఘాల సభలలో ఏటా వినబడుతూనే ఉంటుంది. తీర్మానాలు చేస్తాం, అర్జీలు పంపుతాం, మరుసటి ఏడు మళ్ళీ అదే తీర్మానం. అయితే అసలు ఇల్లు అంటే ఏమిటని మనం ఆగి ఆలోచించినది తక్కువ. నాలుగు గోడలున్నాయి, పైన రేకులున్నాయి. కాని గడప దాటితే మురుగు. పిల్లలకు నెల నెలా విరేచనాలు. రేపు ఎవరు వచ్చి ఖాళీ చేయమంటారో అనే భయం. దానిని ఇల్లు అనగలమా? ఇల్లు, నీరు, మురుగు, వైద్యం, బతుకుతెరువు అన్నీ ఒకే తాడు పేటలని, ఆ తాడు పేనగలిగేది ఆ బస్తీవారేనని చేసి చూపించిన ప్రయత్నం ఒకటి చరిత్రలో కలదు. కరాచీ నగరపు ఓరంగీ బస్తీలో 1980లో మొదలైన ఆ ప్రయత్నాన్ని మన పాఠకుల ముందుంచడమే ఈ వ్యాసంలో మా ఉద్దేశం. పొరుగు దేశపు ముచ్చట మనకెందుకని కొందరు అడగవచ్చు. బీదరికం ఎక్కడైనా బీదరికమే. పైగా ఆ పనికి ఆద్యులైన డాక్టర్ అఖ్తర్ హమీద్ ఖాన్ పుట్టింది మన ఆగ్రాలోనే.

1914లో జన్మించిన ఖాన్ సాహెబ్ ఐ.సి.ఎస్.కు ఎంపికై, కేంబ్రిడ్జిలో శిక్షణ పొంది, బెంగాల్‌లో అధికారిగా పనిచేశారు. 1943 నాటి బెంగాల్ కరువులో లక్షలాది జనం ఆకలితో రాలిపోయారు. ఆ తరువాత ఆ కొలువులో ఇమడలేకపోయారు. 1945లో రాజీనామా ఇచ్చి, అలీగఢ్ దగ్గరి ఒక పల్లెలో తాళాలు చేసే కూలిపనికి కుదిరారు. కలెక్టరు కావలసిన మనిషి ఆకురాయి పట్టుకున్నాడంటే ఆ రోజుల్లో ఎవరు నమ్ముతారు? తరువాత కొంతకాలం ఢిల్లీ జామియా మిల్లియాలో పాఠాలు చెప్పారు. 1950లో పాకిస్తాన్ వెళ్ళి, నాటి తూర్పు పాకిస్తాన్‌లోని కొమిల్లాలో విక్టోరియా కాలేజీకి ప్రిన్సిపాల్ అయ్యారు. అక్కడే 1959లో నెలకొన్న గ్రామీణాభివృద్ధి అకాడమీకి సారథ్యం వహించి, చిన్న రైతుల సహకార సంఘాలు కట్టించారు. 1963లో మెగసెసే పురస్కారం లభించింది. 1971లో ఆ దేశం రెండుగా విడిపోయాక కొమిల్లా ఆయనకు దూరమైంది. ఓరంగీకి వచ్చేనాటికి ఆయన వయసు అరవై అయిదు దాటింది. చాలామంది పింఛను లెక్క చూసుకునే వయసు అది.

ఇక ఓరంగీ సంగతి చూద్దాం. 1947లో కరాచీ జనాభా నాలుగున్నర లక్షలు. దేశ విభజనతో వచ్చిపడిన కాందిశీకుల వల్ల 1951 నాటికే అది పది లక్షలు దాటింది. ప్రభుత్వం కట్టిన ఇళ్ళు వచ్చిన జనానికి ఏ మూలకూ చాలలేదు. ఆ ఖాళీలోకి దలాలీలు ప్రవేశించారు. నగరం అంచున ఉన్న సర్కారీ భూమిని గీతలు గీసి ప్లాట్లు చేయడం, పోలీసులకు మామూలు ముట్టజెప్పడం, నీళ్ళ ట్యాంకరు తెప్పించడం, బీదవాడికి వాడి స్తోమతకు తగ్గ ధరకు అమ్మడం, ఇదంతా ఒక వ్యాపారంగా సాగింది. చట్టం ప్రకారం ఇది తప్పే. కాని బీదవాడికి ఆ రోజుకు దొరికిన తలుపు అదొక్కటే. ఇట్లా వెలసిన వాటిని అక్కడ కచ్చీ ఆబాదీలు అంటారు. 1965 ప్రాంతంలో మొదలైన ఓరంగీ, 1971 తరువాత తూర్పు నుండి వచ్చిన బిహారీల రాకతో వేగంగా పెరిగి, సుమారు పదివేల ఎకరాలకు పాకింది. ఏడు వేలకు పైగా గల్లీలు, లక్షకు పైగా ఇళ్ళు. బిహారీలు, పఠాన్లు, పంజాబీలు, సింధీలు, బలోచీలు అందరూ కలిసిన బస్తీ అది.

ఇళ్ళు ఎవరికి వారే కట్టుకున్నారు. అప్పో సప్పో చేసి గోడలు లేపుకున్నారు. లేనిదల్లా మురుగు పోయే దారి. డబ్బా మరుగుదొడ్లు, ఇంకుడు గుంటలు, ఇంటి ముందే తెరిచి ఉన్న కాలువలు. టైఫాయిడ్, మలేరియా, విరేచనాలు ఇంటింటా ఉండేవి. సంపాదనలో ఒక భాగం డాక్టరు చేతిలో పోయడమే అయ్యేది. నేల చెమ్మకు గోడలు కూడా దెబ్బతినేవి.

బి.సి.సి.ఐ. బ్యాంకు స్థాపకుడు ఆగా హసన్ ఆబెదీ కోరిక మీద, ఆ ఫౌండేషన్ సహాయంతో 1980 ఏప్రిల్‌లో ఖాన్ సాహెబ్ ఓరంగీ పైలట్ ప్రాజెక్టు మొదలుపెట్టారు. పథకం చేతిలో పట్టుకుని రాలేదు. మొదటి నెలలు గల్లీల్లో తిరిగి జనంతో మాట్లాడటమే పని. మీకు ముందు ఏమి కావాలి అని అడిగితే మురుగు సమస్యే ముందుకొచ్చింది. మరి మీరెందుకు కట్టుకోలేదు అని అడిగితే అసలు చిక్కు బయటపడింది. దానిని ఆయన నాలుగు అడ్డంకులుగా విడదీశారు. ఇవి మనందరం గుర్తుంచుకోదగినవి.

మొదటిది మనసులోని అడ్డంకి. మురుగు కాలువ వేయడం సర్కారు పని, అదీ ఉచితంగా, అని జనం గట్టిగా నమ్మారు. రెండవది సామాజికమైనది. ఇల్లు ఒక్కడే కట్టుకోవచ్చు, కాలువ ఒక్కడు వేసుకోలేడు. గల్లీ అంతా ఒక మాట మీదికి రావాలి. మూడవది డబ్బు. కాంట్రాక్టర్ల లెక్కన అయ్యే ఖర్చు బీదవాడు భరించలేనిది. నాలుగవది సాంకేతికమైనది. వాలు ఎటు ఉంది, గొట్టం ఎంత లోతున పెట్టాలి అనేది మేస్త్రీలకే సరిగా తెలియదు.

ఈ నాలుగింటికీ విరుగుడు ఒక్క గల్లీలో దొరికింది. ఒక గల్లీలో ఇరవై ముప్ఫయి ఇళ్ళుంటాయి. ఆ ఇళ్ళవారు ఒకరి ముఖం ఒకరు ఎరిగినవారే. డబ్బు ఎవరు తిన్నారో దాగదు. గల్లీవారే తమలో ఒకరిని మేనేజరుగా ఎన్నుకుని అర్జీ పెట్టుకోవాలి. అప్పుడు ప్రాజెక్టు కుర్రవాళ్ళు వచ్చి లెవెల్ చూసి, నక్షా గీసి, ఖర్చు అంచనా ఇచ్చేవారు. ఇంటికి ఎంత పడుతుందో లెక్క అందరి ముందూ చెప్పేవారు. చందా వసూలు, గొట్టాల కొనుగోలు, తవ్వకం అన్నీ గల్లీవారివే. ప్రాజెక్టు పనిముట్లు అరువిచ్చేది, సలహా ఇచ్చేది, ఒక్క పైసా మాత్రం ఇచ్చేది కాదు. గల్లీ సొమ్మును చేతితో తాకేది కూడా కాదు.

ఖర్చు ఎలా తగ్గింది? కాంట్రాక్టరు లాభం పోయింది, పర్సెంటేజీలు పోయాయి. మ్యాన్‌హోల్‌కు ఇనుప అచ్చులు చేయించి అక్కడికక్కడే కాంక్రీటు పోయించారు. దొడ్డికీ గల్లీ కాలువకూ మధ్య హౌదీ అనే చిన్న తొట్టి పెట్టించారు. గట్టి పదార్థం అందులో ఆగి, నీరు మాత్రం ముందుకు పోవడంతో గొట్టాలు పూడుకుపోవడం తగ్గింది. ఆ రోజుల్లో ఇంటికి సుమారు వెయ్యి రూపాయలతో దొడ్డి, గల్లీ కాలువ రెండూ అయిపోయేవి. సర్కారు అంచనాలు దీనికి ఎన్నో రెట్లు ఉండేవి.

అంతా నున్నగా సాగిందని మేము చెప్పబోవడం లేదు. తొలినాళ్ళలో కాంక్రీటు పగుళ్ళు ఇచ్చింది. పాళ్ళు సరిగా కలపక, నీళ్ళు పట్టక పని చెడింది. లోపం ఎక్కడుందో వెదికి, గల్లీ గల్లీలో సభలు పెట్టి, పాళ్ళు ఎలా కలపాలో, ఎన్నాళ్ళు నీళ్ళు పట్టాలో చేసి చూపించారు. 1982లో వచ్చి చేరిన ఆర్కిటెక్ట్ ఆరిఫ్ హసన్, తరువాత చేరిన పర్వీన్ రహమాన్ ఈ పనికి సాంకేతికమైన వెన్నెముక అయ్యారు. ఇరవై ఏళ్ళలో సుమారు ఆరు వేల గల్లీలు, తొంభై వేల ఇళ్ళు తమ సొమ్ముతోనే కాలువలు వేసుకున్నాయి. సంస్థ సర్వేల ప్రకారం వెయ్యిమంది శిశువులలో 130 మంది చనిపోయే చోట, 1991 నాటికి ఆ సంఖ్య 37కు దిగింది.

ఈ అనుభవంలోంచే ఒక సూత్రం పుట్టింది. ఇంట్లో దొడ్డి, గల్లీ కాలువ, వాటిని కలిపే ఉపకాలువ, ఈ మూడూ ప్రజల వంతు. పెద్ద నాలా, శుద్ధి కేంద్రం సర్కారు వంతు. ఎవరి వంతు వారు చేస్తే సర్కారు ఖజానా మీద బరువూ తగ్గుతుంది, ప్రజలు చేతులు ముడుచుకుని కూర్చోవలసిన అవసరమూ ఉండదు.

మురుగుతో మొదలైన పని ఇంటిదాకా పోయింది. బస్తీలో సిమెంటు బ్లాకులు చేసి అమ్మే చోటును తల్లా అంటారు. తల్లావాడు బ్లాకులతో పాటు అప్పు కూడా ఇస్తాడు, మేస్త్రీనీ చూపిస్తాడు. బీదవాడి బ్యాంకూ ఇంజనీరూ వాడేనన్నమాట. కాని చేతితో చేసిన బ్లాకులు బలహీనంగా ఉండేవి. ప్రాజెక్టువారు తల్లావాడిని తిట్టి తరమలేదు. వాడికే యంత్రం, అప్పు, సలహా ఇచ్చి గట్టి బ్లాకులు చేయించారు. మేస్త్రీలకు పునాది, గాలి వెలుతురు సంగతులు నేర్పారు. గల్లీ స్త్రీలు ఒకరి ఇంట్లో చేరితే ఆరోగ్య బృందం అక్కడికే వచ్చి టీకాలు, శుభ్రత గురించి చెప్పేది. కుట్టుపని స్త్రీలకు కేంద్రాలు ఏర్పడ్డాయి. 1987 నుండి చిన్న వ్యాపారాలకు అప్పులిచ్చే ట్రస్టు నడిచింది.

ఇదే కాలంలో సింధ్‌లోని హైదరాబాద్‌లో (మన హైదరాబాద్ కాదు) తస్నీమ్ అహమద్ సిద్దీఖీ అనే అధికారి మరో ప్రయోగం చేశారు. 1986లో మొదలైన దాని పేరు ఖుదా కీ బస్తీ. సర్కారు ప్లాట్లు చవకగా ఇస్తే ఉన్నవాడు కొనిపెట్టుకోవడం, లేనివాడు లేనట్టే ఉండటం ఎక్కడైనా జరిగేదే. అందుకని ఒక షరతు పెట్టారు. ప్లాటు కావాలన్న కుటుంబం సామానుతో సహా వచ్చి కొన్నాళ్ళు శిబిరంలో ఉండాలి. నిజంగా గూడు లేనివాడే అట్లా వస్తాడు కదా! కొద్దిపాటి సొమ్ము కట్టించుకుని 80 గజాల ప్లాటు ఇచ్చి, వెంటనే కట్టుకుని అందులోనే కాపురం ఉండమన్నారు. ఖాళీగా ఉంచితే రద్దు. మొదట నీరు మాత్రమే. మిగతా సౌకర్యాలు వాయిదాల సొమ్ముతో మెల్లమెల్లగా. 1995లో దీనికి ఆగాఖాన్ వాస్తుశిల్ప పురస్కారం వచ్చింది.

మరి లోపాలు లేవా? ఉన్నాయి. ప్రజలు తమ వంతు చేసినంతగా సర్కారు తన వంతు చేయలేదు. గల్లీల మురుగు నాలాల ద్వారా శుద్ధి లేకుండానే సముద్రం దాకా పోయింది. ఖాన్ సాహెబ్ మీద మతదూషణ కేసులు పెట్టారు. ఆయన పని ఆపలేదు. 1999 అక్టోబరులో 85వ ఏట కన్నుమూశారు. బస్తీల భూములకు నక్షాలు తయారుచేసి, ఎవరి భూమి ఎవరు మింగుతున్నారో కాగితం మీద పెట్టిన పర్వీన్ రహమాన్‌ను 2013 మార్చి 13న కాల్చి చంపారు. 2020 వానల్లో కరాచీ మునిగిన తరువాత, 2021లో గుజ్జర్ నాలా, ఓరంగీ నాలా గట్ల వెంట వేలాది ఇళ్ళు కూల్చివేశారు. ఎన్నో ఏళ్ళ కష్టం ఒక్క పూటలో మట్టి అయింది. గల్లీ ఎంత ఐకమత్యంగా ఉన్నా, నేల మీద హక్కు కాగితం లేకపోతే ఆ ఇల్లు గాలిలో దీపమే.

ఈ చరిత్రలో మన సంఘాలకు పనికివచ్చేది ఏమిటి? జకాత్, సదఖా వాటి స్థానంలో అవి ఉండవలసిందే. అనాథకు, వితంతువుకు, రోగికి చేయి చాచి ఇవ్వవలసిందే. కాని రెక్కలున్నవాడికి కావలసింది వేరు. బస్తీ నక్షా గీయించడం, పట్టా కోసం ఆఫీసుల చుట్టూ తోడు తిరగడం, మేస్త్రీకి సరైన పాళ్ళు నేర్పించడం, ఇరవై ఇళ్ళను ఒక చాప మీద కూర్చోబెట్టడం, వారి చందా లెక్క వారి ముందే చదివించడం. వీటికి పెద్ద నిధులు అక్కరలేదు. ఓపిక ఉన్న నలుగురు, లెవెల్ చూడటం తెలిసిన ఒక కుర్రవాడు చాలు. వచ్చే సభలో ఇళ్ళ తీర్మానం మళ్ళీ చదివేముందు, మన ఊళ్ళో మురుగు నిలిచే గల్లీలు ఎన్ని, అందులో పట్టా ఉన్న ఇళ్ళు ఎన్ని అనే లెక్క రాసుకుని రావలసిందిగా సభ్యులందరికీ మా మనవి.