సూదిదారముల శిల్పము

శిల్పమనగానే మనకు మొదట స్ఫురించునది ఉలి. రాయియో, కఱ్ఱయో, కంచో శిల్పి చేతిలో రూపము దాల్చుట మనమెరిగినదే. కాని సూది, దారము, గుడ్డ, దూది సాధనములుగా పుట్టిన శిల్పమొకటి ఇరువదవ శతాబ్దపు ఉత్తరార్ధమున మ్యూజియములలో స్థానము సంపాదించుకొన్నది. ఆ చరిత్రను మేమిక్కడ స్థూలముగా వివరింపదలచినాము.

పాతచీరల పేలికలతో బొమ్మ కుట్టి పిల్లల చేతికిచ్చుట మన ఇండ్లలోను పరిపాటియే. ఐరోపాలో ఈ పని పరిశ్రమగా మారిన వృత్తాంతము చిత్రమైనది. జర్మనీలోని గీంగెన్ పట్టణమున మార్గరెటె ష్టైఫ్ అను మహిళ కుట్టుపనితో జీవించెడివారు. పసితనమున సోకిన పోలియో వలన ఆమె కాళ్లు చచ్చుపడినవి. 1880లో ఆమె ఉన్నిగుడ్డతో ఏనుగు ఆకారమున ఒక సూదులదిండు తయారుచేసినారు. సూదులు గుచ్చుటకై చేసిన ఏనుగును పిల్లలు ఆటబొమ్మగా తీసుకొన్నారు. అచ్చటినుండి పెద్ద కర్మాగారమే వెలసినది. అయినను బొమ్మ బొమ్మగానే మిగిలినది. దానిని శిల్పమన్నవారు లేరనియే చెప్పవచ్చును.

1962లో న్యూయార్కు నగరపు గ్రీన్ గ్యాలరీలో క్లేస్ ఓల్డెన్‌బర్గ్ కేకుముక్కను, ఐస్‌క్రీమును, హాంబర్గరును మనిషికంటె పెద్దవిగా గుడ్డతో చేయించి నేలపై పరచినారు. లోపల కూరినవి నురుగురబ్బరు, అట్టపెట్టెలు. హాంబర్గరు అడ్డుకొలత దాదాపు 7 అడుగులు! దానిని 1967లో టొరంటో మ్యూజియము కొన్నప్పుడు విద్యార్థులు అంతకు తగిన సాసు సీసాను చేసి మోసుకొనివచ్చి నిరసన తెలిపినారు. శిల్పము కఠినముగా, నిటారుగా ఉండవలెనన్న నియమము అట్లు సడలినది. మెత్తని శిల్పము తన బరువుకు తానే క్రుంగును. ఆ క్రుంగుటయే దాని అందము.

అయితే ఆ కుట్టు ఎవరిది? ఎక్కువభాగము ఓల్డెన్‌బర్గ్ భార్య పాటీది. శిల్పిగా కీర్తి పొందినవారు మాత్రము భర్తయే. ఆ 1962లోనే అదే నగరమున జపాను కళాకారిణి యయోయి కుసామా దూది కూరిన గుడ్డకాడలతో ఒక కుర్చీని నిండుగ కప్పి, కుట్టుపనిని తన పేరనే శిల్పముగా నిలిపినారు. 1970వ దశకమున ఫెయిత్ రింగ్‌గోల్డ్ అను నల్లజాతి కళాకారిణి తన మెత్తని బొమ్మలకు తల్లి విల్లీ పోసీ దుస్తులు కుట్టినారని దాచక చెప్పినారు. దుస్తుల కల్పనయే ఆ తల్లి వృత్తి.

1987లో మైక్ కెల్లీ, ఎవరో కుట్టి ఇచ్చిన, మఱెవరో వదలివేసిన పాతబొమ్మలను ఏరి ఒక పెద్ద గుడ్డపై అతికించినారు. ఎన్నటికిని తీర్చుకొనలేనన్ని ప్రేమగడియలు అని దాని పేరునకు తాత్పర్యము. ఒక్కొక్క బొమ్మ వెనుక ఎవరిదో శ్రమ కలదు. దానికి వెల కట్టినవారు లేరు. ఆ కృతి నేడు న్యూయార్కు విట్నీ మ్యూజియములో నున్నది. ఆ బొమ్మలను కుట్టిన చేతుల పేర్లు మాత్రము మనకు దక్కలేదు.

గుడ్డ శిల్పమగునా కాదా అన్న తగవు నేడు దాదాపు తీరినది. కుట్టినవారెవరన్న ప్రశ్న తీరలేదు. అది దూరదేశముల మాట మాత్రమే కాదు. మన పాతపెట్టెలలో అమ్మమ్మయో నాయనమ్మయో కుట్టిన బొమ్మ ఒకటి ఉండకపోదు. దానిని చిరుగకముందే వెలికి తీసి, కుట్టినవారి పేరు ఒక చీటిపై వ్రాసి జతచేయుడని పాఠకులకు మా మనవి. చరిత్ర అంతటి చిన్నపనితోనే మొదలగును.