కథ ఎవరిది, కంపెనీ ఎవరిది?

1

ఏర్పేడు కూడలి నుంచి ఉత్తరంగా పోయే రోడ్డు వెంకటగిరికి చేరుతుంది. ఆ దారిలో కొంతదూరం వెళితే ఐ.ఐ.టి. భవనాలు కనిపిస్తవి. ఇంకా ముందుకు పోతే, ఒకప్పుడు వెలుగోటి వంశం ఏలిన జమీందారీకి ముఖ్యపట్టణం వస్తుంది. ఒక కొసన కంప్యూటరు చదువులు, మరొక కొసన జమీందారీ కోట. ఈ రెంటికీ సంబంధమేమిటని పాఠకులు అడగవచ్చు. నాకు కూడా మొన్నటిదాకా ఏమీ కనిపించలేదు. మా విద్యార్థి ఒకడు చూపించిన డాక్యుమెంటరీ ఈ ఆలోచనకు కారణమైంది.

అది 2023లో బ్రిటన్‌లోని 'పీపుల్ మేక్ గేమ్స్' అనే బృందం తీసిన చిత్రం. నిడివి రెండున్నర గంటలు. వీడియో ఆటల స్టూడియో ఒకటి ఎట్లా పుట్టింది, ఎట్లా పేరు తెచ్చుకుంది, ఎట్లా చీలిపోయింది అనేదే అందులో విషయం. స్టూడియో పేరు జౌమ్. అది చేసిన ఆట 'డిస్కో ఎలీసియం'. 2019 డిసెంబరులో ఆ ఆటకు అమెరికాలో ఒకే రాత్రి నాలుగు బహుమతులు వచ్చినవి. బహుమతి అందుకోవటానికి వేదిక ఎక్కిన రచయిత్రి హెలెన్ హిండ్‌పెరె, తమకు రాజకీయ విద్య నేర్పిన మార్క్సు, ఎంగెల్సులకు కృతజ్ఞతలు చెప్పింది. రెండేళ్లు తిరిగేసరికి ఆమె, ముఖ్య రచయిత రాబర్ట్ కుర్విట్స్, చిత్రకారుడు అలెగ్జాండర్ రోస్తోవ్ ముగ్గురూ ఆ స్టూడియోలో లేరు.

చిత్రం ముగిశాక మా విద్యార్థి అడిగిన ప్రశ్న ఒక్కటే. "మార్క్సును చదివినోళ్లే గదా సార్, వాళ్ల కంపెనీలోంచి వాళ్లనే ఎట్ల గెంటేసినారు?"

ఆ ప్రశ్నకు జవాబు ఎస్తోనియాలో మాత్రమే వెతకనక్కరలేదు. వెంకటగిరి రోడ్డు మీద కూడా కొంత దొరుకుతుంది.

2

1938లో సారథి ఫిలింస్ వారి 'మాలపిల్ల' వచ్చింది. దర్శకుడు గూడవల్లి రామబ్రహ్మం. అంతకుముందు ఆయన 'ప్రజామిత్ర' పత్రికా సంపాదకుడు. కథ చలానిది, సంభాషణలు తాపీ ధర్మారావువి, నాయిక కాంచనమాల. పురాణగాథలే తెరను ఏలుతున్న రోజులలో బ్రాహ్మణ యువకుడు మాలపిల్లను ప్రేమించటం, హరిజనుల ఆలయ ప్రవేశం కథావస్తువులయినవి. సనాతనులు మండిపడ్డారు. జనం విరగబడి చూశారు.

మరుసటి ఏడు అదే సంస్థ, అదే దర్శకుడు 'రైతుబిడ్డ' తీశారు. ఈసారి తగిలింది సనాతనులను కాదు, జమీందారులను. మతాచారాన్ని విమర్శించినప్పుడు కోపాలు వచ్చినవి; భూమి హక్కును ముట్టుకున్నప్పుడు లాయరు నోటీసులు వచ్చినవి. ఈ తేడా గమనించదగ్గది.

ఆ సంవత్సరాల పరిస్థితి గుర్తు చేసుకుంటే దీనిలో ఆశ్చర్యం కనిపించదు. మద్రాసు రాష్ట్రానికి ప్రధానిగా ఉండిన బొబ్బిలి రాజా 1937 ఎన్నికలలో వి.వి. గిరి చేతిలో ఓడిపోయాడు. టంగుటూరి ప్రకాశం అధ్యక్షతన ఏర్పడిన జమీందారీ విచారణ సంఘం 1938లో నివేదిక ఇచ్చింది. భూమికి హక్కుదారు రైతేననీ, జమీందారు శిస్తు వసూలు చేసే మధ్యవర్తి మాత్రమేననీ దాని సారాంశం. ఇచ్ఛాపురం నుంచి మద్రాసు దాకా రైతుయాత్ర సాగింది కూడా ఆ రోజులలోనే. మన పక్కనున్న వెంకటగిరి జమీలో రైతుల ఆందోళన అప్పటికే ఏళ్ల తరబడి నడుస్తున్నది. నెల్లూరు వెంకట్రామానాయుడు 'జమీన్ రైతు' పత్రికకు ఆ పేరు పెట్టింది ఆ ఆందోళన వేడిలోనే.

ఇటువంటి సమయంలో బళ్లారి రాఘవ వంటి మహానటుడు తెర మీద రైతుగా నిలబడితే, గోపీచంద్ కలం మాటలు సమకూరిస్తే, కొసరాజు పల్లె బాణీలు వినిపిస్తే, అది వినోదంగా మాత్రమే మిగలదు. బొబ్బిలి, వెంకటగిరి రాజాలు నోటీసులు ఇప్పించారు. కొన్ని జిల్లాలలో అధికారులు చిత్రాన్ని నిషేధించారు. చదువురాని రైతుకు ప్రకాశం నివేదిక అందదు, 'రైతుబిడ్డ' అందుతుంది. జమీందారుల భయమంతా అక్కడ ఉంది.

ఇంతవరకు మనం గర్వంగా చెప్పుకునే చరిత్రే. కాని సాధారణంగా చెప్పి ఊరుకునే భాగం ఒకటుంది. దానిని కొంచెం నిదానంగా చూడాలి.

3

సారథి ఫిలింస్‌కు పెట్టుబడి ఎవరిది? చల్లపల్లి రాజా యార్లగడ్డ శివరామప్రసాద్‌ది. అంటే జమీందారీని ఎండగట్టిన చిత్రం ఒక జమీందారు డబ్బుతో తయారయింది.

దీనికి రెండు రకాల వ్యాఖ్యానాలు వినవస్తవి. చల్లపల్లి రాజా ఉదారుడు, తన వర్గ ప్రయోజనాన్ని కూడా లెక్కచేయలేదని కొందరు మెచ్చుకుంటారు. జమీందారు డబ్బుతో తీసిన చిత్రం అభ్యుదయకరం ఎట్లా అవుతుందని మరి కొందరు కొట్టిపారేస్తారు. రెండూ పొరపాటే. మొదటివారు చరిత్రను మనస్తత్వంగా మారుస్తున్నారు. రెండవవారు కళను ఖాతా పుస్తకంగా మారుస్తున్నారు.

జమీందారీకి రోజులు దగ్గరపడుతున్నవని ఆ కాలంలో కళ్లున్న జమీందారు ప్రతివాడికీ తెలుసు. భూమి మీది డబ్బు కొత్త దారులు వెతుక్కుంటున్నది. ఆ దారులలో సినిమా ఒకటి. శిస్తు వసూలు చేసే జమీందారుకు 'రైతుబిడ్డ' ప్రమాదం. టిక్కెట్లు అమ్మే పెట్టుబడిదారుకు అదే సరుకు. ఇద్దరూ ఒకే మనిషిలో ఉండవచ్చు. భూస్వామ్యం నుంచి పెట్టుబడిదారీకి దాటుతున్న సమాజంలో ఇటువంటి సందులు ఏర్పడుతవి. గూడవల్లి వంటివారి ప్రతిభ ఆ సందును గుర్తించటంలోనూ, అది పూడిపోకముందే పని ముగించటంలోనూ ఉంది. కాబట్టి డబ్బు ఎవరిదైనా 'రైతుబిడ్డ' రైతు పక్షానే నిలిచింది.

అయితే ఆ సందు మీద హక్కు మాత్రం గూడవల్లిది కాదు. ఆయన 1946లో కన్నుమూశాడు. సారథి అనే పేరు పెట్టుబడి వెంట నడిచింది. 1948లో ఎస్టేటుల రద్దు చట్టం వచ్చింది. 1955లో అదే సారథి పతాకం కింద తాపీ చాణక్య దర్శకత్వంలో 'రోజులు మారాయి' వచ్చింది. రైతు, భూస్వామి తగాదాయే దానిలోనూ ఉంది. ఈసారి అది ఘనవిజయం. జమీందారీ చట్టరీత్యా పోయిన తరవాత ఆ వస్తువు ప్రభుత్వానికి ప్రమాదకరంగా తోచలేదు. ఆ మీదట హైదరాబాదు అమీర్‌పేటలో సారథి స్టూడియో లేచింది. నిషేధానికి గురైనవారి శ్రమతో ఏర్పడిన పేరు, వాటాలు ఉన్నవారి ఆస్తిగా స్థిరపడింది. ఇందులో ఎవరి మోసమూ లేదు. ఆస్తి సంబంధాల మామూలు నడకే అది.

4

ఈ దృష్టితో డాక్యుమెంటరీని మళ్లీ చూద్దాం.

జౌమ్ అనే మాట రష్యన్ ఫ్యూచరిస్టు కవులది. అర్థానికి ఆవలి భాష అని వారి భావం. సోవియట్ పాలన ముగిసిన తరవాత పెరిగిన ఎస్తోనియా యువకులు కొందరు ఆ పేరుతో సాంస్కృతిక సంఘంగా కూడారు. కుర్విట్స్ 2013లో ప్రకటించిన నవల వెయ్యి ప్రతుల దగ్గర ఆగిపోయింది. నవలలోని ఆ ఊహాలోకాన్నే ఆటగా మలచాలనుకున్నారు. ఆటకు ఏళ్ల తరబడి డబ్బు కావాలి. 2016లో సంఘం పక్కన ఒక కంపెనీ పుట్టింది. మదుపుదారులు వచ్చారు. పని బ్రిటన్‌కు మారింది.

వారు తయారు చేసిన ఆటలో తుపాకుల యుద్ధాలు లేవు. పది లక్షలకు పైగా మాటలు ఉన్నవి. విప్లవం ఓడిపోయిన నగరం. ఓడరేవు కార్మికుల సమ్మె. చెట్టుకు వేలాడుతున్న శవం. తన పేరు కూడా మరిచిపోయిన పోలీసు ఉద్యోగి. ఆడేవాడు ఆ ఉద్యోగిగా జనంతో మాట్లాడుతూ నిజం తెలుసుకోవాలి. ఓడిన విప్లవాన్ని ఎగతాళి చేయకుండా, దాని తప్పులను దాచకుండా చెప్పిన రచనగా దానిని నవలల సరసన పెట్టి మాట్లాడేవారున్నారు.

2021లో కంపెనీలోని అధిక వాటాలు ఇల్మార్ కొంపుస్ అనే వ్యాపారి చేతికి వెళ్లినవి. ఆ ఏడు చివర ముగ్గురు ముఖ్యులు బయటపడ్డారు. 2022 అక్టోబరులో మొదటి సభ్యులలో ఒకడైన మార్టిన్ లూయిగా సాంస్కృతిక సంఘాన్ని రద్దు చేస్తున్నట్లు ప్రకటించేదాకా ఈ సంగతి లోకానికి తెలియదు. వాటాలు కొనటానికి కంపెనీ సొమ్మునే వాడారని కుర్విట్స్, రోస్తోవ్ ఆరోపించారు. యాజమాన్యం ఖండించింది. తోటివారి పట్ల వీరి ప్రవర్తనే తగవుకు కారణమని చెప్పింది.

డాక్యుమెంటరీ గొప్పతనం ఏమంటే, అది ఈ కథను దొంగ వ్యాపారి, అమాయక కళాకారుడు అనే నాటకంగా చూపలేదు. రెండు పక్షాల వారినీ కూర్చోబెట్టి అడిగింది. మేధావిగా పేరుపడిన రచయిత కింద పనిచేసినవారి ఫిర్యాదులను కూడా వినిపించింది. అభిమానులకు ఇది రుచించలేదు. కాని అభ్యుదయ భావాలు రాసేవాడు పనిచోట అభ్యుదయంగా ఉంటాడనే హామీ ఏదీ లేదని మన సాహిత్య సంఘాల చరిత్ర తెలిసినవారికి వేరే చెప్పనక్కరలేదు.

దాని లోపం కూడా ఇక్కడే ఉంది. ఎవరు నిజం చెబుతున్నారు అనే ప్రశ్న దగ్గరే అది ఎక్కువసేపు నిలిచిపోయింది. ఇద్దరిలో ఎవరు మంచివారని తేలినా మా విద్యార్థి ప్రశ్నకు జవాబు రాదు. కొంపుస్ ధర్మాత్ముడే అనుకుందాం. అప్పటికీ అధిక వాటాలున్నవాడు, ఆటను ఊహించినవాడిని బయట నిలబెట్టగలడు. ఊహ ఒకరిదిగా, కాగితం మరొకరిదిగా ఉన్నచోట అది తప్పదు. సంఘంగా ఉన్నంతకాలం వారికి స్నేహం సరిపోయింది. కంపెనీ అయిన రోజున స్నేహానికి చట్టంలో విలువ లేదు. మార్క్సును చదివినవారు పెట్టుబడిని తమ ఆటలో విశ్లేషించారు, తమ ఒప్పందంలో విశ్లేషించుకోలేదు.

'రైతుబిడ్డ' శత్రువు నోటీసు పంపాడు. అతడి పేరు, ఊరు అందరికీ తెలుసు. అతడికి వ్యతిరేకంగా సభ పెట్టవచ్చు. జౌమ్ విషయంలో ఎవరూ ఏదీ నిషేధించలేదు. ఆట నేటికీ అమ్ముడవుతున్నది, పెట్టుబడిని తిట్టే ఆ మాటల మీద పెట్టుబడికి లాభం వస్తూనే ఉంది. మన కాలపు అణచివేత చాలాసార్లు ఈ రూపంలోనే వస్తున్నది.

5

ఇది దూరదేశపు తగాదా కాదు. మన పిల్లలు తిరుపతి నుంచి బెంగుళూరుకు, చెన్నైకి వెళ్లి బొమ్మలు గీసే, ఆటలు తయారుచేసే కంపెనీలలో చేరుతున్నారు. మన 1957 కాపీరైటు చట్టం 17వ సెక్షను ప్రకారం, వేరే ఒప్పందం లేకపోతే, ఉద్యోగంలో భాగంగా సృష్టించినదానికి మొదటి యజమాని ఉద్యోగమిచ్చినవాడే. సినిమా పాటల రచయితలు, స్వరకర్తలు ఎన్నో ఏళ్లు పోరాడిన మీదట 2012లో ఆ చట్టానికి సవరణ వచ్చింది. సినిమాహాలుకు బయట తమ రచనను వాడుకున్నప్పుడు వచ్చే రాయల్టీలో సమానవాటాను వారు రాసిచ్చినా చెల్లదని అది చెబుతుంది. ఆ ఒక్క గెలుపూ ఏ ఒక్క మహాకవి ప్రతిభతోనో రాలేదు. జట్టుగా నిలబడితే వచ్చింది.

జౌమ్ కథలోనూ చివరికి అదే జరిగింది. 2024 ఫిబ్రవరిలో యాజమాన్యం సుమారు నాలుగోవంతు సిబ్బందిని తొలగించింది. 2025లో బ్రిటన్‌లోని అక్కడి ఉద్యోగులు తమ యూనియన్‌కు గుర్తింపు సాధించారు. డాక్యుమెంటరీ తీసేనాటికి ఈ అధ్యాయం లేదు. ఓడరేవు సమ్మెను అంత బాగా రాసిన స్టూడియోలో యూనియన్, వ్యవస్థాపకులు బయటపడిన నాలుగేళ్లకు గాని గుర్తింపు పొందలేదు.

మా విద్యార్థికి నేను చెప్పిన జవాబు ఇంతే. వాళ్లు మార్క్సును చదివారు, నిజమే. వాళ్ల తరవాత ఆ స్టూడియోలో మిగిలినవారు సంఘం కట్టుకున్నారు. నువ్వు రేపు ఉద్యోగంలో చేరేటప్పుడు సంతకం పెట్టే కాగితం పూర్తిగా చదువు. చదివింది పక్కవాడికి చెప్పు.